ఐదువందల కాపీల సంగీతం



సినిమా పాటల రికార్డు అట్టను వెనక్కి తిప్పి చూస్తే ఏముంటుంది? పాట మొదటి మాటలు, పాడినవారి పేరు, రాసినవారి పేరు, కంపెనీ ముద్ర. 1977లో లండన్‌లో వచ్చిన ఒక చిన్న రికార్డు అట్ట మీద మాత్రం ఖర్చు లెక్క అచ్చయింది. అంతకు ముందు చేసిన తమ మొదటి రికార్డుకు మొత్తం మీద 153 పౌండ్లు అయిందని ఆ కుర్రాళ్లు రాశారు. అంతటితో ఊరుకోలేదు. మరి మీరింకా మీ రికార్డు ఎందుకు చెయ్యలేదని కొన్నవాళ్లనే నిలదీశారు. ఆ బృందం పేరు డెస్పరేట్ బైసికల్స్.

వాళ్లు 1977 మార్చిలో జట్టుకట్టిందే ఒక రికార్డు చెయ్యడం కోసం. డాల్‌స్టన్ అనే పేటలో ఒక స్టూడియోను మూడు గంటలకు అద్దెకు తీసుకున్నారు. రెండు పాటలు పాడి, 500 కాపీలు కొట్టించారు. ఆ రికార్డులో ఒక తమాషా ఉంది. ఏ వైపు పెట్టినా అవే రెండు పాటలు వినిపిస్తాయి. రెండో వైపుకు వేరే మాస్టర్, అంటే వేరే అచ్చు, చేయిస్తే ఖర్చు పెరుగుతుంది కదా, అందుకని. కాపీలు అమ్ముడుపోగానే ఆ డబ్బుతోనే మళ్లీ కొట్టించారు. మరుసటి ఏడాది స్క్రిట్టి పొలిట్టి అనే ఇంకో జట్టు ఇదే పద్ధతిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది. స్టూడియోకి ఎంత, మాస్టరింగ్‌కి ఎంత, ప్రెస్సింగ్‌కి ఎంత, చివరికి లేబుల్ మీద వేసే రబ్బరు స్టాంపుకి ఎంత అయిందో వివరంగా రాసి, ఆ కాగితాన్నే జెరాక్స్ తీసి అట్టగా చుట్టి అమ్మారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఇలాంటి రికార్డుల గురించి, వాటిని ఏళ్ల తరబడి వెతికి పట్టుకుని దాచుకునే మనుషుల గురించి.

ఇవి పంక్ సంగీతం రికార్డులు. ఆ సంగీతం విననివారి కోసం ముందు కొంచెం చెప్పాలి. 1970ల మధ్యనాటికి రాక్ సంగీతం బాగా బలిసింది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు, సరంజామా మొయ్యడానికి లారీలు, వాయించాలంటే ఏళ్ల సాధన. దాని మీద విసుగెత్తిన కుర్రకారు న్యూయార్క్‌లో, లండన్‌లో, మాంచెస్టర్‌లో దాదాపు ఒకే కాలంలో గిటార్లు పట్టుకున్నారు. 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్ జట్టు రామోన్స్ మొదటి ఎల్పీ వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. వేగం, అరుపు, రెండు నిమిషాల్లో ముగింపు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి సెయింట్స్ అనే జట్టు సొంత లేబుల్ మీద 500 కాపీలతో ఒక సింగిల్, అంటే ఒకటి రెండు పాటల చిన్న రికార్డు, వేసింది. అక్టోబరు 22న లండన్‌లో డ్యామ్డ్ జట్టు సింగిల్ విడుదలైంది. బ్రిటన్‌లో మొదటి పంక్ సింగిల్ అదే. లండన్ కంటే బ్రిస్బేన్ నెల రోజులు ముందుందన్న మాట రికార్డులు పోగేసేవాళ్ల దగ్గర ఎత్తితే సాయంత్రం దాకా లేవనివ్వరు.

ఈ సంగీతానికి అభిమాని అంటే ఎవరో చెప్పడానికి మార్క్ పెర్రీ ఒక్కడు చాలు. లండన్‌లో బ్యాంకు గుమాస్తా. రామోన్స్ ఎల్పీ విని తట్టుకోలేకపోయాడు. పిల్లలు ఆడుకునే టైప్‌రైటర్ మీద కొన్ని పుటలు కొట్టి, స్కెచ్ పెన్నుతో శీర్షికలు గీసి, స్నేహితురాలి ఆఫీసులో జెరాక్స్ తీయించి, 1976 జులైలో ఒక పత్రిక పెట్టాడు. పేరు స్నిఫిన్ గ్లూ. మొదట తీసినవి 50 ప్రతులు. ఏడాది తిరిగేసరికి వేలల్లో అమ్ముడవుతోంది. అప్పుడు ఆపేశాడు. 12 సంచికలతో సరి. ఈలోగా తానే ఒక జట్టు కట్టి పాడడం మొదలుపెట్టాడు. మన దగ్గర అభిమాని కటౌటుకు పాలాభిషేకం చేసి కింద నిలబడతాడు. ఇక్కడ అభిమాని రాసేవాడయ్యాడు, పాడేవాడయ్యాడు, రికార్డు కొట్టించేవాడూ అయ్యాడు. మధ్యలో మెట్లు లేవు.

కొట్టించడం అన్నాను కదా, అది ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ 500, 1,000 అంకెలు ఎందుకు వస్తున్నాయో తెలుస్తుంది. ముందు లక్క పూత ఉన్న పళ్లెం మీద సూదితో గాడి కోస్తారు. దాని మీద లోహం పూత పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. అచ్చు తయారయ్యే దాకా అయ్యే ఖర్చు వంద కాపీలకైనా పదివేల కాపీలకైనా ఒకటే. కాబట్టి మరీ తక్కువ కొట్టిస్తే ఒక్కో కాపీ మండిపోతుంది, మరీ ఎక్కువ కొట్టిస్తే మంచం కింద మిగిలిపోతాయి. జేబులో ఉన్న డబ్బుకూ ఫ్యాక్టరీవాళ్లు చెప్పే కనీస సంఖ్యకూ రాజీ కుదిరిన చోట 500 అనో 1,000 అనో అంకె పడింది. ఈ రికార్డులను అరుదుగా ఉంచాలని ఎవరూ అనుకోలేదు. డబ్బు లేక అరుదయ్యాయి. నేటి మార్కెట్లో ధర చూసి కళ్లు తేలేసేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మాంచెస్టర్ కుర్రాళ్ల కథ చూడండి. హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ ఇద్దరూ బోల్టన్‌లో చదువుకుంటూ స్నేహితులయ్యారు. లండన్ దాకా వెళ్లి సెక్స్ పిస్టల్స్ జట్టును చూసి, వాళ్లను తమ ఊరికి పిలిపించి 1976 జూన్ 4న ఒక చిన్న హాల్లో కచేరీ పెట్టించారు. ఆ రోజు వచ్చినవాళ్లు వందమంది కూడా లేరు. మేమూ ఉన్నామని తర్వాత చెప్పుకున్నవాళ్లను లెక్కేస్తే మాత్రం ఆ హాలు పట్టదు. ఇద్దరూ కట్టిన జట్టు బజ్‌కాక్స్. కంపెనీల చుట్టూ తిరగలేదు. షెల్లీ వాళ్ల నాన్న దగ్గరా, స్నేహితుల దగ్గరా సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చారు. డిసెంబరు 28న, క్రిస్మస్ సెలవుల్లో, స్టూడియోకి వెళ్లి నాలుగు పాటలు పాడి ఇంటికొచ్చారు. రికార్డు చేసినవాడు మార్టిన్ హానెట్, తర్వాత జాయ్ డివిజన్ జట్టుతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అట్ట మీది ఫొటో మాంచెస్టర్ నడిబొడ్డున ఒక విగ్రహం మెట్ల మీద పోలరాయిడ్ కెమెరాతో తీసింది. తీసింది మేనేజరు రిచర్డ్ బూన్. వెనక వైపు ఏ పాట ఎన్నోసారి పాడింది, మీద ఏమేం కలిపారు అన్నది రాశారు. అదీ స్పైరల్ స్క్రాచ్. 1977 జనవరి 29న సొంత లేబుల్ మీద 1,000 కాపీలు విడుదల చేశారు. అవి అమ్ముడైతే చాలు, అప్పు తీరుతుంది అనుకున్నారు. అలా కొట్టిస్తూ కొట్టిస్తూ 16,000 దాకా అమ్ముడయ్యాయి. కంపెనీ లేకుండా బతకవచ్చని ఆ దేశంలో వందల జట్లకు ధైర్యం వచ్చింది ఆ రికార్డుతోనే.

డెవోటో మాత్రం రికార్డు బయటికి రాగానే జట్టు వదిలేశాడు. ఇది పోగేసేవాళ్లకు ముఖ్యమైన విషయం, ఎందుకంటే 1979లో మళ్లీ విడుదల చేసినప్పుడు అట్ట మీద జట్టు పేరుతో పాటు డెవోటో పేరు విడిగా చేర్చారు. కనుక ఎవరైనా తొలి ముద్రణ అని చెప్పి అమ్మజూపితే ముందు ఆ పేరు ఉందా లేదా చూడాలి.

ఇదంతా ఒక విద్య. తెలిసినవాళ్లు అట్టను చూసి మోసపోరు. రికార్డును వెలుతురుకు వాల్చి పట్టుకుని, పాట ముగిశాక లేబుల్‌కు ముందు ఖాళీగా ఉండే నున్నటి వలయాన్ని చదువుతారు. అక్కడ గీరిన అంకెలను బట్టి అది ఎన్నో అచ్చో తెలుస్తుంది. అంకెల పక్కన ఒక్కోసారి చేత్తో గీకిన కబుర్లూ ఉంటాయి. జార్జ్ పెకమ్ అని లండన్‌లో లక్క పళ్లేలు కోసే నిపుణుడు ఉండేవాడు. తాను కోసిన రికార్డుల మీద పోర్కీ అని తన ముద్దుపేరు గీకి వదిలేవాడు. వేల కాపీల మీద ఆ సంతకం అచ్చుపడి ప్రపంచమంతా తిరిగింది. పాట వినేవాడికి అక్కర్లేనిది, పోగేసేవాడికి ప్రాణం.

పంక్ రికార్డుల్లో అన్నిటికంటే పేరుమోసినది ఇలా పేదరికం వల్ల అరుదైనది కాదు, భయం వల్ల అరుదైనది. 1977 మార్చి 10న సెక్స్ పిస్టల్స్ జట్టు బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు బల్ల వేయించుకుని ఏ అండ్ ఎం కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు చేసింది. ఆ రోజే కంపెనీ ఆఫీసులో వాళ్లు చేసిన వీరంగం, ఆ తర్వాతి రోజుల్లో చేసిన గొడవలు చూసి కంపెనీ గుండె జారింది. 16వ తేదీన ఒప్పందం రద్దు. అప్పటికే గాడ్ సేవ్ ద క్వీన్ సింగిల్ కాపీలు సుమారు 25,000 కొట్టి ఉన్నాయి. దాదాపు అన్నిటినీ ధ్వంసం చేయించారు. దాదాపు అన్నాను. కొన్ని బతికి బట్టకట్టాయి. ఆ మిగిలిన కాపీలు ఒక్కొక్కటి పదివేల పౌండ్లు దాటి అమ్ముడుపోయిన సందర్భాలున్నాయి. అదే పాటను మే 27న వర్జిన్ కంపెనీ విడుదల చేసింది. రాణిగారు గద్దెనెక్కిన రజతోత్సవ వేళ బీబీసీ నిషేధించింది, అయినా అమ్మకాల్లో రెండో స్థానానికి ఎక్కింది. ఆ వర్జిన్ కాపీ కావాలంటే ఇప్పటికీ మామూలు ధరకు దొరుకుతుంది. గాడిలో ఉన్న పాట అదే. ధరలో ఉన్న ఆ వేల పౌండ్ల తేడా సంగీతానిది కాదు, లేబుల్ మీది కంపెనీ పేరుది.

ఇక్కడే చిక్కు. ఈ సంగీతం డబ్బును ఈసడించి పుట్టింది. క్రాస్ అనే జట్టు ఎసెక్స్ పల్లెలో ఒక పాత ఇంట్లో అందరూ కలిసి బతుకుతూ రికార్డులు వేసేది. ఇంతకంటే ఎక్కువ ఇవ్వకండి అని ధరను అట్ట మీదే పెద్ద అక్షరాలతో అచ్చువేసేది, మధ్యలో దుకాణదారు పెంచకుండా. ఆ అట్టల మీద ఇప్పుడు వేరే ధర చీటీలు అంటించి అమ్ముతున్నారు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు అంకెలను చూస్తే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది.

ఈ సిగ్గుకు ఒకాయన మందు కనిపెట్టాననుకున్నాడు. సెక్స్ పిస్టల్స్ మేనేజరు మాల్కమ్ మెక్‌లారెన్, దుస్తుల రూపకర్త వివియన్ వెస్ట్‌వుడ్ ఇద్దరి కొడుకు జో కోరే. 2016లో పంక్‌కు నలభై ఏళ్లని లండన్ నగరమంతా ప్రభుత్వ సంస్థల అండతో ఉత్సవాలు జరిపింది. తిరుగుబాటును పటం కట్టి గోడకు తగిలిస్తున్నారని కోరేకు మండింది. నవంబరు 26న థేమ్స్ నదిలో ఒక పడవ మీద తన దగ్గరున్న పంక్ బట్టలు, రికార్డులు, జ్ఞాపికలు అన్నిటికీ నిప్పు పెట్టాడు. వాటి విలువ 50 లక్షల పౌండ్లు అని తనే చెప్పాడు. కోపం అర్థమవుతుంది. చేసిన పని మాత్రం నాకు నచ్చలేదు. డబ్బు విలువ మీద కోపంతో వస్తువును తగలబెట్టినవాడు కూడా డబ్బు విలువనే నమ్మినట్టు. లేకపోతే 50 లక్షలు అన్న అంకె చాటించడం ఎందుకు? ఏదైనా పేద ఊరి గ్రంథాలయానికి ఇచ్చేసి ఉంటే సరిపోయేది.

ఎవరో ఒకరు ఒక కాపీ దాచి ఉండబట్టే కొన్ని పాటలు బతికాయి. 1980ల చివర్లో కిల్డ్ బై డెత్ అన్న పేరుతో దొంగ ఎల్పీలు రావడం మొదలైంది. దొంగవి అంటే, ఎవరి అనుమతీ లేనివి. ఏ చిన్న ఊళ్లోనో మూడొందలో ఐదొందలో కాపీలు కొట్టించి మాయమైపోయిన జట్ల పాటలను పోగేసేవాళ్లు ఒక్కచోట చేర్చి వాటిని వేశారు. పాడినవాళ్లకు పైసా రాలేదు, అది తప్పే. కానీ ఆ పాటలు ఉన్నాయన్న సంగతే పాడినవాళ్లు తప్ప మిగతా లోకం మరిచిపోయిన రోజులవి. ఆ ఎల్పీల పేరు తర్వాత ఒక కొలబద్ద అయింది. ఫలానా సింగిల్ ఆ తరహాది అంటే చాలు, మోటుగా, నిజాయితీగా, ఎవరికీ తెలియకుండా ఉంటుందని అర్థం.

డెట్రాయిట్ అన్నదమ్ముల కథ అయితే సినిమాకు తక్కువ కాదు. నిజంగా సినిమా కూడా తీశారు, 2012లో డాక్యుమెంటరీ వచ్చింది. డేవిడ్, బాబీ, డానిస్ హ్యాక్నీ. నల్లజాతి కుటుంబం. ఆ ఊళ్లో నల్లవాళ్లంటే మోటౌన్ కంపెనీ వేసే సోల్ పాటలు పాడాలి అనుకునే రోజుల్లో వీళ్లు గిటార్లు హోరెత్తించారు. జట్టు పేరు డెత్. 1975లో రికార్డు కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్ డబ్బుతో పాటలు రికార్డు చేశారు. చావు అన్న పేరుతో ఎవరు కొంటారు, మార్చండి అన్నారాయన. పెద్దవాడు డేవిడ్ ససేమిరా అన్నాడు. ఒప్పందం పోయింది. 1976లో సొంత డబ్బుతో ఒకే ఒక్క సింగిల్, 500 కాపీలు వేసుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. అన్నదమ్ములు వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లిపోయారు. చిన్నవాళ్లిద్దరూ రెగే సంగీతంలోకి మళ్లారు. డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగి వెళ్లాడు. టేపులను తమ్ముడి చేతిలో పెట్టి, ఏదో ఒక రోజు లోకం వీటిని వెతుక్కుంటూ వస్తుంది, నీ దగ్గరే ఉంచమని చెప్పి, 2000లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

లోకం వెతుక్కుంటూ వచ్చింది. ఆ 500లో కొన్ని పోగేసేవాళ్ల చేతుల్లో పడ్డాయి, ఒకరి నుంచి ఒకరికి పాకాయి. బాబీ కొడుకుల్లో ఒకడు కాలిఫోర్నియాలో ఉండగా ఒక పార్టీలో ఎవరో ఆ పాట వేశారు. వింటుంటే గొంతు ఎక్కడో విన్నట్టుంది. వాళ్ల నాన్నది! ఇంట్లో పిల్లలకు ఈ జట్టు సంగతే తెలియదు. అటక మీద ఉన్న టేపులు కిందికి దిగాయి. 2009లో షికాగో లేబుల్ డ్రాగ్ సిటీ వాటిని ఎల్పీగా తెచ్చింది. పంక్ అన్న మాట జనం నోట పడకముందే ఈ ముగ్గురూ ఆ సంగీతం వాయించారని అప్పుడు చరిత్రలోకి ఎక్కింది. పోగేసే పిచ్చిని ఎగతాళి చేసేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఈ కథే. ఆ 500 కాపీలను పనికిమాలినవని అందరూ పారేసి ఉంటే డేవిడ్ మాట నిజమయ్యేది కాదు.

అయితే దాచడంలోనూ రకాలున్నాయి. తాళం వేసి ధర పెరిగే దాకా కాచుకు కూర్చునేవాడు ఒకడు. నలుగురికీ వినిపించడానికి దాచేవాడు మరొకడు. ఈ రెండో రకం వాళ్లలో ఇద్దరు రేడియోవాళ్లున్నారు. రేడియోలో మాట్లాడుతూ వాళ్లను వదిలేస్తే పాపం తగులుతుంది.

మొదటివాడు జాన్ పీల్. బీబీసీ రేడియో వన్ పుట్టిన 1967 నుంచి తాను పోయిన 2004 దాకా అక్కడే. 1976లో రామోన్స్ పాటలు వేసినప్పుడు ఈ గోల ఆపమని శ్రోతలు ఉత్తరాలు రాశారు. ఆయన ఆపలేదు. పాత శ్రోతలు కొందరు వెళ్లిపోయారు, కుర్రకారు వచ్చి చేరింది. సఫోక్‌లోని ఆయన ఇంట్లో 26,000కు పైగా ఎల్పీలు, 40,000 సింగిళ్లు పేరుకున్నాయి. ప్రతి ఎల్పీకి ఒక కార్డు, టైపు కొట్టి వరుస అంకె వేసి పెట్టేవాడు. ఊరూ పేరూ లేని జట్లు తాము కొట్టించిన మొదటి కాపీని ఆయనకే పంపేవి. బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్న వీధిలో టెరీ హూలీ అనే ఆయన గుడ్ వైబ్రేషన్స్ అని రికార్డుల కొట్టు నడిపేవాడు. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకరి వీధిలోకి ఒకరు వెళ్లని రోజుల్లో రెండు వైపుల పిల్లలూ ఆ కొట్టుకు వచ్చేవాళ్లు. డెర్రీ ఊరి నుంచి వచ్చిన అండర్‌టోన్స్ జట్టు పాటలను హూలీయే రికార్డుగా వేశాడు. కాగితం మడతపెట్టిన అట్ట. 1978 సెప్టెంబరులో పీల్ అందులోని టీనేజ్ కిక్స్ పాట వేశాడు. అయిపోగానే మళ్లీ అదే వేశాడు. బీబీసీలో ఒకే పాటను వెంటవెంటనే రెండుసార్లు వెయ్యడం! కొద్ది వారాల్లో ఆ జట్టుకు అమెరికన్ కంపెనీ ఒప్పందం వచ్చింది. పీల్ సమాధి రాయి మీద ఆ పాటలోని మాటలే చెక్కారు. ఆయన పోయాక ఒక చెక్కపెట్టెలో విడిగా దాచుకున్న 142 సింగిళ్లు దొరికాయి. వాటి మీద ఒక టీవీ కార్యక్రమమే తీశారు.

రెండోవాడు కాలిఫోర్నియా మనిషి టిమ్ యోహానన్. 1977లో బర్క్‌లీలోని కేపీఎఫ్ఏ అనే శ్రోతల చందాలతో నడిచే కేంద్రంలో మ్యాగ్జిమమ్ రాకెన్‌రోల్ అనే పంక్ కార్యక్రమం మొదలైంది. దానికి ఊపిరి ఆయనే. 1982లో అదే పేరుతో పత్రిక పెట్టారు. పెద్ద కంపెనీల రికార్డులను సమీక్షించరు, వాళ్ల ప్రకటనలు తీసుకోరు. ప్రపంచం నలుమూలల నుంచి సమీక్షకు వచ్చిన సింగిళ్లూ ఎల్పీలూ కలిసి 50,000 దాటాయి. ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ రికార్డుల అట్టల అంచుకు వాళ్లు ఆకుపచ్చ రంగు టేపు అంటించేవారు. పీకితే అట్ట చిరుగుతుంది. ఎవరైనా ఎత్తుకుపోయినా అది ఎక్కడిదో చూడగానే తెలిసిపోతుంది, అమ్ముకోలేరు. చిన్న మచ్చ ఉంటే ధర సగానికి పడిపోయే లోకంలో, అంచు నలగని అట్ట కోసం కళ్లద్దాలు తుడుచుకుని వెతికే లోకంలో, యాభై వేల రికార్డులను కావాలని అమ్మకానికి పనికిరాకుండా చేసి, వినడానికి మాత్రం భద్రంగా ఉంచారు. నాకు తెలిసినంతలో పంక్ మనిషి చేసిన పంక్ పనుల్లో ఇంతకు మించినది లేదు. పడవ మీద మంట పెట్టడం దీని ముందు వెలవెలబోతుంది. యోహానన్ 1998లో చనిపోయాడు. 2019లో అచ్చు పత్రిక ఆగింది.

ఆడవాళ్ల మాట రాకుండా ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది. 2016లో బ్రిటిష్ లైబ్రరీ పంక్ ప్రదర్శన పెట్టింది. అక్కడి గోడ మీద రాసిన పరిచయంలో మగ జట్ల పేర్లే ఉన్నాయి. స్లిట్స్ జట్టులో గిటార్ వాయించిన వివ్ ఆల్బర్టీన్ మాట్లాడడానికి వచ్చి, పెన్ను తీసి ఆ పేర్లు కొట్టేసి, ఆడవాళ్ల జట్ల పేర్లు రాసి వెళ్లింది. అలా మరుగున పడ్డ జట్లలో రెయిన్‌కోట్స్ ఒకటి. 1979లో రఫ్ ట్రేడ్ లేబుల్ మీద వాళ్ల మొదటి ఎల్పీ వచ్చింది, తర్వాత దొరక్కుండా పోయింది. 1992లో నిర్వాణ జట్టు గాయకుడు కర్ట్ కొబేన్ లండన్‌లో రఫ్ ట్రేడ్ దుకాణానికి వెళ్లి ఆ ఎల్పీ ఉందా అని అడిగాడు. అప్పటికి ఆయన ప్రపంచంలో ఎక్కడ నడిచినా జనం మూగే మనిషి. కొట్టులో లేదు. జట్టులోని అనా డా సిల్వా దగ్గర్లోనే పాత వస్తువుల దుకాణంలో పనిచేస్తోంది, వెళ్లి అడగమని పంపారు. వెళ్లాడు. తర్వాత ఆమె ఒక కాపీ పోస్టులో పంపింది. మరుసటి ఏడాది నిర్వాణ రికార్డులు వేసే కంపెనీయే రెయిన్‌కోట్స్ రికార్డులను మళ్లీ విడుదల చేసింది, కొబేన్ ముందుమాటతో. ఒక అభిమాని ఒక్క కాపీ కోసం తిరగడంతో వేలమందికి ఆ పాటలు చేరాయి.

మన ఉపఖండం వాళ్లు లేరా అంటే, ఉన్నారు. లండన్‌లో పెరిగిన ముగ్గురు పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్లు, ఒక తెల్ల కుర్రాడు కలిసి ఏలియన్ కల్చర్ అని జట్టు కట్టారు. 1978 జనవరిలో మార్గరెట్ థాచర్ టీవీలో, పరాయి సంస్కృతి మనుషులు దేశాన్ని ముంచెత్తుతారేమోనని జనం భయపడుతున్నారు అంది. ఆ పరాయి సంస్కృతినే పేరుగా పెట్టుకున్నారు వీళ్లు. వాళ్ల కచేరీలకు ఆసియా కుర్రకారు గుంపులుగా వచ్చేవాళ్లు. 1980లో ఒక్క సింగిల్ వేశారు. జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే రాక్ అగైన్‌స్ట్ రేసిజం సంస్థ దానికి లేబుల్. ఒకవైపు పాట ఆసియా యువత గురించి, రెండోవైపు పాట రెండు సంస్కృతుల మధ్య నలిగే బతుకు గురించి. విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల అమ్మానాన్నలు ఒకసారి వినదగ్గ రికార్డు అది.

ఇవాళ్టి కొత్త ఎల్పీల సంగతి ఒక్క మాటలో తేలుస్తాను. రంగురంగుల ప్లాస్టిక్‌లో, ఇన్నే కొట్టాం అని అంకె వేసి, తెల్లవారుజామున క్యూ కట్టించి అమ్మే రికార్డులంటే నాకు గౌరవం లేదు. లేమి వల్ల వచ్చిన 500 వేరు, ఎర వేయడానికి పెట్టిన 500 వేరు. కొనేవాళ్లు కొనుక్కోవచ్చు, కానీ పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి. కొన్నేళ్లకు ఆ కవరు నుంచి వచ్చే ఆవిరి రికార్డు మీద పొగమంచులా పేరుకుని, ముల్లు పెట్టగానే చిరచిరలాడుతుంది. నిలువుగా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

లేమితో చేసిన రికార్డుకు ఇంకో ఉదాహరణ చెబుతాను. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే స్కూలు పిల్లల జట్టు 1980లో విడిపోయింది. కచేరీల్లో వచ్చిన డబ్బు పంచుకోకుండా పెట్టెలో వేసి ఉంచారు, సుమారు 600 డాలర్లు. పంచుకుందామా, రికార్డు చేద్దామా అని ఆలోచించి, విడిపోయాక రికార్డు కొట్టించారు. అట్ట ఎలా తయారవుతుందో తెలియదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక సింగిల్ అట్టను విప్పి, పరిచి, దాని కొలతలు చూసి అచ్చువేయించారు. జట్టులోని ఇయాన్ మకై, జెఫ్ నెల్సన్, వాళ్ల స్నేహితులు కూర్చుని కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి 1,000 అట్టలు అంటించారు. డిస్కార్డ్ లేబుల్ అలా మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది.

2014లో ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీ ఒక పంక్ విభాగం తెరిచింది. రికార్డులు, కరపత్రాలు, జెరాక్స్ పత్రికలు, క్యాసెట్లు, కచేరీ ఫొటోలు ఊరివాళ్లే పట్టుకొచ్చి ఇచ్చారు. కొనడం కాదు, ఇవ్వడం. గ్రంథాలయం నేలమాళిగలో స్థానిక జట్ల కచేరీలు కూడా పెట్టించారు. నిశ్శబ్దం పాటించండి అనే బోర్డున్న భవనంలో డ్రమ్ములు మోగాయి. ఎవరైనా వెళ్లి, పేరు రాసి, అడిగి ఆ పెట్టెలు తెప్పించుకుని చూడవచ్చు. రుసుము లేదు.